బండితో ఇచ్చే పానాల సంచి గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ వాహనాల పేజీ వదలకుండా చదువుతాను. కొత్త మోడల్ ఏదొచ్చింది, మైలేజీ ఎంత, ధర ఎంత అన్నీ రాస్తారు, కానీ కొన్న మోటార్‌సైకిల్‌ను ఇంటి దగ్గరే చూసుకోవాలంటే ఏయే పానాలు కావాలో ఒక్కసారీ రాయలేదు. పాలు పోసేవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, పొలం పనికి వెళ్లేవాళ్లు, వీళ్లందరికీ బండి ఒక్కరోజు ఆగినా ఆ రోజు కూలి పోయినట్టే.

బండితో కంపెనీవాళ్లు ఇచ్చే సంచి తెరిచి చూడండి. చాలా బండ్లకు ఒక ప్లగ్గు పానా, రెండు మూడు పల్చటి పానాలు, ఒక స్క్రూడ్రైవర్, అంతే. దారిలో ఆగిపోతే ప్లగ్గు విప్పి తుడుచుకోవడానికి సరిపోతాయి. అదే పానాతో వెనక చక్రం యాక్సిల్ నట్టు విప్పబోతే పానా నోరు సాగి నట్టు మూలలు అరిగిపోతాయి, ఇక దానికి ఏ పానా పట్టదు. అందుకే ముందు కొనాల్సింది మంచి రింగు పానాలు. హీరో, హోండా, యమహా బండ్లలో ఎక్కువగా 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల సైజులే వస్తాయి కాబట్టి పెద్ద పెట్టె అక్కర్లేదు. ఆ సైజుల్లోనే సాకెట్లు, ఒక రాట్చెట్, అలెన్ కీలు, కటింగ్ ప్లేయర్, సన్నటి సందులు కొలిచే ఫిల్లర్ గేజ్, గాలి చూసుకునే గేజ్ ఉంటే ఇంట్లో చేసుకునే పనుల్లో చాలావరకు అయిపోతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి.

స్క్రూడ్రైవర్ విషయం మాత్రం చెప్పి తీరాలి. జపాన్ డిజైన్ బండ్ల స్క్రూల తలమీద చిన్న చుక్క కనిపిస్తే అది జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం రకం. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా దిగదు, గట్టిగా తిప్పితే జారి గాడి చెరిగిపోతుంది, తర్వాత ఆ స్క్రూను ఉలి పెట్టి కొట్టి తీయాల్సిందే.

ఇక ఆయిల్ మార్చే పని. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు ఉక్కుది, అది బిగుసుకునే ఇంజిన్ కేసింగ్ అల్యూమినియంది. ఆయిల్ కారుతుందన్న భయంతో బలమంతా పెట్టి బిగిస్తే పోయేది కేసింగ్ లోపలి మర చుట్లే. దీనికే టార్క్ రెంచి, ఎంత బిగిసిందో కొలిచి చెప్పే పానా. ఖరీదైనదే, కానీ వీధిలో నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. అసలు చిక్కు ఎక్కడంటే ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను చాలా కంపెనీలు డీలర్లకే ఇస్తాయి, మనకిచ్చే చిన్న పుస్తకంలో ఆ లెక్కలు చాలావరకు ఉండవు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. మరి ఆ మాన్యువల్ తెలుగులో, ఉచితంగా ఎందుకు దొరకకూడదు? నాలుగు గట్టి పానాలు బండి ధరలోనే కలిపి ఎందుకు ఇవ్వకూడదు?

మెకానిక్కుల పొట్ట కొట్టమని కాదు నేనడిగేది. ఇంజిన్ విప్పే పని వాళ్లదే. పైగా 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక చాలా బండ్లలో కార్బురేటర్లు పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది, ఆ సెన్సర్ల తప్పు పట్టాలంటే స్కానర్ కావాలి, అది ఇంట్లో ఉండేది కాదు. చైను, ఆయిల్, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, బ్రేకు, గాలి, ఇవి మనం చూసుకునేవి. పాత ఆయిల్‌ను మాత్రం కాలవలో పారబోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ పోగుచేసే షాపులో ఇవ్వాలి.

మీ పేజీలో నెలకో పని చొప్పున, కావాల్సిన పానా సైజుతో సహా ఫొటోలతో వేయండి. చైనుతో మొదలుపెట్టండి. లూజు ఎంత ఉండాలో బండి పుస్తకంలోనే ఉంటుంది, చాలా మామూలు బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర. శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రం చేత్తోనే తిప్పాలన్న ముక్క పెద్ద అక్షరాల్లో వేయండి. పని తొందరగా అవుతుందని స్టార్ట్ చేసి గేరులో ఉంచి గుడ్డ పట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ గుడ్డ చిక్కుకుంటే వేళ్లు చైనుకీ స్ప్రాకెట్‌కీ మధ్యకి పోతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు