బాపుకు, డాలస్ నుంచి

బాపూ,

నీకు, అవ్వకు దండాలు. ఫోన్ల మాట్లాడితే అవ్వ ఏడుస్తది, నా గొంతు సుత పూడుకపోతది. అందుకే రాస్తున్న. తమ్ముడితోని నిమ్మళంగ సదివిచ్చుకో.

నేను మంచిగనే ఉన్న. జబ్బకు కట్టు తీసేసిన్రు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి పోతున్న. ఆఫీసు పని ఇంటి నుంచే నడుస్తున్నది. బిడ్డకు జడ వేయరాకుంట అయింది, అదొక్కటే పానం గుంజుతున్నది. చెయ్యి దాని తలకాయ దాకా లేస్తలేదు. మీ అల్లుడు వేస్తడు గని, బడికి పోయేసరికే ఊడిపోతది.

ఇగ కేసు ముచ్చట. వాడకట్టుల ఎవరో "మీ బిడ్డ అమెరికాల కేసుల ఇరుక్కున్నదట" అన్నరని రెండు రోజులు బువ్వ ముట్టలేదట నువ్వు. ఇది పోలీసు కేసు కాదు బాపూ. ఎర్రలైటు పడ్డా ఆగకుంట వచ్చి నా కారును గుద్దింది ఒకామె. ఆమె నిర్లక్ష్యాన్నే ఈడ నెగ్లిజెన్స్ అంటరు. రేపు దావా పడితే నేను ప్లెయింటిఫ్, అంటే వాది. ఆమె డిఫెండెంట్, ప్రతివాది. ప్రతివాది అంటే ముద్దాయి కాదు. ఈ దావాతోని ఎవరినీ జైల్ల వెయ్యరు.

"పైసల కోసమా" అని అడిగినవట. ఆ మాట గుచ్చుకున్నది. దవాఖాన ఖర్చు, పోయిన జీతం కాగితాలు చూపిస్తే తేలుతయ్. నొప్పికి సుత వేరే లెక్క కడతరు ఈడ. అన్నీ కలిపి డ్యామేజెస్ అంటరు, నష్టపరిహారం. ఏ రోజు ఏ పని చేసుకోలేకపోయిన్నో నోటుబుక్కుల రాయమన్నడు వకీలు. మొదటి పేజీల జడ సంగతే రాసిన.

వకీలుకు ఇప్పుడు ఇచ్చేదేం లేదు. పైసలొస్తే మూడోవంతు, రాకుంటే ఫీజు లేదు. భూమి అమ్ముత అన్న ముచ్చట మళ్ల ఎత్తకు.

ఆమె ఇన్సూరెన్సోళ్లేమో 20 శాతం తప్పు నాదే, స్పీడుగ వచ్చిన్నంటున్నరు. ఒప్పుకుంటే వచ్చే దాంట్ల అంత కోత. టెక్సస్‌ల నా తప్పు సగం దాటిందని తేలితే ఒక్క పైస రాదు. నేను స్పీడు లేను బాపూ. వెనుక సీట్ల బిడ్డ ఉంటే స్పీడు ఎట్ల పోత?

కారు గుద్దిన మూడోనాడే ఆ ఇన్సూరెన్సోళ్లు ఫోన్ చేసిన్రు. చెక్కు పంపుతం, రిలీజ్ మీద సంతకం పెట్టమన్నరు. రిలీజ్ అంటే ఇగ మళ్ల ఏమీ అడగనని రాసిచ్చుడు. మందుల మత్తుల ఉన్న, పెట్టేదాన్నే. కాక యాదికొచ్చిండు. లారీ గుద్దినంక దవాఖాన మంచం మీదనే వేలిముద్ర పట్టిచ్చుకపాయిరి. కాలు తీసేసినంక అడుగవోతే, ఆ కాగితమే ముఖం మీద పెట్టిన్రు. ఆ రోజు నువ్వు వాకిట్ల కూసోని ఏడ్చినవు. నేను సంతకం పెట్టలే. ఈడ దావాకు రెండేండ్ల గడువున్నది, జబ్బ సంగతి పూర్తిగ తేలేదాక ఆగుత. రాజీ వద్దంటలేను. చానా కేసులు రాజీతోనే తెగుతయ్.

బావకు చెప్పు, ఎండాకాలంల పరకాల రోడ్డు మీద కాలిరిగింది కద. మన దగ్గర 2022 ఏప్రిల్ నుంచి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌ల, అంటే నష్టపరిహారం తేల్చే కోర్టుల, ప్రమాదం అయిన 6 నెలలల్ల కేసు వేయాలె. దసరా దాక చూస్త అంటే కాదు. ఎఫ్ఐఆర్ నకలు, దవాఖాన కాగితాలు పట్టుకోని హన్మకొండల వకీలు దగ్గరికి ఈ వారమే పొమ్మను. ఎవరన్న కాగితం తెస్తే ముందుగాల తమ్ముడికి చూపియ్యమను.

పత్తి మొలిచిందా? వాన పడ్డదా? అవ్వ మోకాళ్లకు నూనె రాస్తున్నవా?

బతుకమ్మ నాటికి జబ్బ లేస్తదని డాక్టరమ్మ అన్నది. ఆ రోజు వీడియోల బిడ్డకు నేనే జడ వేసి అవ్వకు చూపిస్త.

నీ బిడ్డ