పదిహేనేళ్లకూ యాభై ఏళ్లకూ మధ్య పాత కారవాన్ల గతేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం.

పదిహేనేళ్లు నిండిన ప్రతి బండీ తుక్కుకు వెళ్లాల్సిందేనన్న అభిప్రాయం జనంలో బలంగా నాటుకుపోయింది. నిజానికి మన దగ్గర 2023 ఏప్రిల్ 1 నుంచి కేవలం వయసును బట్టి రిజిస్ట్రేషన్ రద్దవుతున్నది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, రవాణా సంస్థలు, ప్రభుత్వ రంగ సంస్థల వాహనాలకే. సొంత బండి అయితే పదిహేనేళ్లకు తనిఖీ చేయించుకుని, ఆపైన అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. పాత డీజిల్ బండ్లపై ఢిల్లీ పరిసరాల్లో ఉన్న ఆంక్షలు మనకు వర్తించవు. అయినా ఒక రకం పాత బండికి మాత్రం ఈ సౌకర్యం కాగితం మీదే మిగిలిపోతోంది. పడక, వంటగట్టు, నీళ్ల ట్యాంకు అమర్చుకుని కుటుంబమంతా ఊళ్లు తిరగడానికి వాడుకునే పాత వ్యాను, అంటే కారవాన్ గురించి నేను రాస్తున్నాను.

కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు, కార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. తొలి రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత పొడిగింపునకు 5,000. నియమాలు మంచివే, కాదనను. కానీ అవి గ్యారేజీలో తుడిచి ఉంచి ప్రదర్శనకు తీసుకెళ్లే కారును దృష్టిలో పెట్టుకుని రాసినవి. నాలుగు చక్రాల బండి అయితే డ్రైవరు కాక ఎనిమిది సీట్లకు మించకూడదు. చాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పేదీ జరిగి ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ నంబరున్న బండిని ర్యాలీకో ప్రదర్శనకో మరమ్మతుకో తప్ప రోజువారీ వాడకానికి రోడ్డెక్కించకూడదు. ఇల్లుగా మార్చుకున్న వ్యాను మూడింటిలోనూ తప్పిపోతుంది. ప్రయాణమే దాని పని అయినప్పుడు, ప్రయాణం వద్దనే గుర్తింపు ఇచ్చి ఏం లాభం?

యాభై ఏళ్లు నిండని బండ్ల పరిస్థితి ఇంకా అధ్వానం. నా దగ్గర 1980లలో తయారైన బజాజ్ టెంపో మెటాడోర్ ఉంది. ముందు చక్రాలకే ఇంజిను శక్తి అందే బండి కావడంతో దాని నేల తక్కువ ఎత్తులో, చదునుగా ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో పెళ్లి బృందాలకూ నాటక సమాజాలకూ అది అంత ఇష్టమైన బండి అయింది, ఇప్పుడు కారవాన్‌గా మార్చుకోవడానికీ అదే కారణం. నేను కొనేటప్పటికే పాత యజమాని అందులో పడక, అలమరా కట్టించారు. సి బుక్కులో (రిజిస్ట్రేషన్ పత్రంలో) మాత్రం అది ఇప్పటికీ పన్నెండు సీట్ల వ్యానే. దాన్ని సరిచేయించుకుందామని ఒక రవాణా కార్యాలయానికి వెళితే, మార్పునకు అభ్యంతరం లేదని తయారీదారు నుంచి లేఖ తెమ్మన్నారు. ఆ మోడలు తయారీయే ఏనాడో ఆగిపోయింది. పోనీ అలాగే నడుపుకుందామంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మార్చిన యజమానికి ఒక్కో మార్పునకు 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ విధించవచ్చునని 2019 సవరణ చెబుతోంది.

మరి చట్టానికి కారవాన్ అంటే తెలియదా అంటే, తెలుసు. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యానును రవాణాయేతర వాహనాల జాబితాలో కేంద్రం 2004లోనే చేర్చింది. కొత్తగా తయారయ్యే మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. అయితే అది ఒక మోడలును పరీక్షా సంస్థకు పంపి ఆమోదం పొందే కంపెనీల కోసం ఏర్పడినది. ఒకే ఒక్క పాత వ్యానున్న మనిషి దాన్ని పరీక్షల కోసం పుణెలోని అలాంటి సంస్థ దాకా తోలుకెళ్లలేడు.

ఈ బండ్లను బాగుచేసే చేతులకు మన విజయవాడలో కొదవ లేదు. జవహర్ ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్లు, లేత్ పనివారు, టింకరింగ్ మేస్త్రీలు ఒకరి పక్కన ఒకరు ఉంటారు. మెటాడోర్ కప్పు అంచున వాన నీరు జారిపోవడానికి సన్నని గాడి ఉంటుంది. ఎప్పుడో ఎవరో దాన్ని పుట్టీతో పూడ్చేస్తే, నీరు లోపలికి దిగి కప్పును మోసే స్తంభాన్ని లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. మా మేస్త్రీ చిన్న సుత్తితో అంగుళం అంగుళం తడుతూ, మోత బొంగురుగా వినిపించిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. ఆ మేర కోసి, అదే గేజి రేకును వంచి పెట్టి, రేకు వేడికి వంకర పోకుండా దూరదూరంగా వెల్డింగు టాకాలు వేసి, చల్లారాక మధ్య ఖాళీలు నింపారు. రేకు తెచ్చి పుట్టీ దట్టించేస్తే ఒక్క పూటలో అయ్యే పనికి ఆయన వారం తీసుకున్నారు. ఆ ఓపిక ఏ ధ్రువపత్రంలోనూ కనిపించదు. తనిఖీ అధికారి చూసేది పై రంగే.

తెలుగువారికి ఇది కొత్త సరదా ఏమీ కాదు. 1982లో ఎన్.టి.రామారావు గారు రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం పాత షెవర్లే వ్యానే. దానికి మార్పులు చేయించుకుని, నెలల తరబడి అందులోనే బస చేస్తూ, కుమారుడు హరికృష్ణ గారు నడుపుతుంటే ఊరూరా ప్రసంగించారు. రాజకీయాలు పక్కనపెట్టి చూసినా, తెలుగునాట అందరూ గుర్తుపట్టే కారవాన్ అదొక్కటే. ఈనాటి వింటేజ్ నియమాలను అక్షరాలా పట్టుకుంటే, అలాంటి బండికి గుర్తింపు దక్కుతుందా అన్నది నాకున్న సందేహం.

భద్రత మాటేమిటని అడిగేవారు ఉంటారు, అడగాలి కూడా. ఇష్టం వచ్చినట్టు మార్చిన వ్యాను ప్రమాదమే. వంటగ్యాసు గాలికంటే బరువైనది కనుక లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. సిలిండరు పెట్టిన అలమరా అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం లేకపోతే మిగతా అలంకారాలన్నీ వృథా. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోల బరువు, దాన్ని ఒక పక్కకు పెడితే మలుపులో బండి ఒరుగుతుంది. లైట్లకూ ఫ్యానుకూ వేరే బ్యాటరీ, దానికి ఫ్యూజు ఉండాలి. పడక నేలకు బోల్టులతో బిగించి ఉండాలి. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఒక గంట కేటాయిస్తే ఇవన్నీ అక్కడికక్కడే చూడగలిగినవి. పొగ పరీక్ష ఎలాగూ ఉంది, అందులో నెగ్గని బండిని ఆపేయమనే నేనూ అంటాను. దారి మూసేస్తే మాత్రం ఈ మార్పులు ఆగవు, తనిఖీ లేకుండా చాటుగా జరుగుతాయి.

మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు మరో సమస్య. కేరళ 2021లోనే కారవాన్ పర్యాటక విధానం ప్రకటించి, బండ్లతో పాటు అవి ఆగే పార్కుల గురించీ ఆలోచించింది. సూర్యలంక తీరానికో నాగార్జునసాగర్‌కో వెళ్లే బండ్లకు మన దగ్గరా అలాంటి ఏర్పాటు లేకపోతే, ఎవరో ఒకరు బందరు కాలువలోకో ఏలూరు కాలువలోకో వదిలేసే రోజు వస్తుంది.

పాతికేళ్లు దాటిన సొంత కారవాన్లకు ప్రత్యేక వర్గం కావాలంటే కేంద్ర నియమాలను సవరించాలి, రాష్ట్ర రవాణా శాఖ ఆ ప్రతిపాదన పంపాలి. దానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా, తయారీ ఆగిపోయిన మోడళ్ల విషయంలో తయారీదారు లేఖకు బదులు ఏ ఇంజినీరు ధ్రువీకరణను అంగీకరిస్తారో, సి బుక్కులో ‘క్యాంపర్ వ్యాను, సొంత వాడకం’ అని మార్చడానికి ఏయే పత్రాలు కావాలో స్పష్టం చేస్తూ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చి, దాన్ని తెలుగులో విజయవాడ, గుంటూరు కార్యాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత వ్యాను యజమాని,
పటమట, విజయవాడ