‘సిస్టమ్‌లో అలా ఉంది’ అంటే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ఏ ఆఫీసుకెళ్లినా ఒకటే మాట, ‘సిస్టమ్‌లో అలా ఉందండీ, మేమేం చేయలేం’ అని. కంప్యూటర్లు వద్దని నేను అనడం లేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసుకునే నేను ఆ మాట ఎలా అంటాను? ఎవరో తప్పు ఎక్కిస్తే, అది తప్పని రుజువు చేసుకునే భారం కూడా నష్టపోయిన మనిషి మీదే పడుతోంది, నా కోపమంతా దాని మీద.

మా కె.ఆర్.పురంలో వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె ఉంది. కుప్పం వైపు నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఆమె బీపీఎల్ కార్డు, అంటే పేదలకిచ్చే రేషన్ కార్డు, ఆపేశారు, ఎందుకంటే ఆమె పేరు మీద కారు ఉందట. బొగ్గుల ఇస్త్రీపెట్టె మీద బతికే మనిషికి కారు! తోడుగా నేనూ వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి మంచివాడే. ‘ననగూ గొత్తమ్మా, ఆద్రె సిస్టమ్ తగొళ్తా ఇల్ల’ అన్నాడు. తనకీ తెలుసట, సిస్టమే తీసుకోవడం లేదట. పోనీ ఆ కారు నంబరెంతో చెప్పు బాబూ అంటే, తన స్క్రీన్ మీద అది కనపడదు, ఫోర్ వీలర్ ఉంది అని మాత్రమే వస్తుంది అన్నాడు. కారు లేదని ఇంకో ఆఫీసు నుంచి లెటర్ తెమ్మన్నాడు. అక్కడికెళ్తే, ఉన్న బండికైతే కాగితం ఇస్తాం గానీ లేని బండికి ఏమని రాసిస్తామమ్మా అన్నారు. ఇస్త్రీ బండి మూసేసి ఇలా తిరిగినన్నాళ్లూ ఆమెకు రాబడి లేదు, బియ్యమూ లేవు.

ఇంకొకరి కారు ఈమె ఖాతాలో పడిందని నా అనుమానం. మన పేర్ల సంగతి తెలిసిందే కదా, ఇంటిపేరు ఒక కార్డులో ముందు పూర్తిగా ఉంటుంది, ఇంకో కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది, మరోచోట చివరికి పోతుంది. కన్నడలో ఎక్కించినప్పుడు ఒకలా, ఇంగ్లిష్‌లో ఇంకోలా. పుట్టినతేదీ తెలియని పెద్దవాళ్లలో ఎంతోమందికి జనవరి 1 అనే రాసేశారు. జనవరి 1న పుట్టిన లక్ష్మమ్మలు ఒక్క తాలూకాలో ఎందరుంటారో ఆలోచించండి, పేరూ తేదీ కలిశాయి కదా అని మెషీన్ ఇద్దర్నీ ఒకరిగా చేస్తే అడ్డుకునేవాళ్లు ఎవరు?

మా పనిలో రోజూ చూసేది చెప్తాను. పిన్‌కోడ్ గడిలో ఆరంకెలు ఉన్నాయా అని ప్రోగ్రాం చూస్తుంది, అది మీ ఇంటి పిన్‌కోడేనా అని చూడదు. ఫిబ్రవరి 30 కొడితే ఒప్పుకోదు, కానీ 13 బదులు 23 కొడితే మారుమాట లేకుండా తీసుకుంటుంది. లోపలికి వెళ్లాక ఆ తప్పు కూడా మిగతా వివరాల్లాగే కనిపిస్తుంది. దాన్ని ఇంకో శాఖ కాపీ చేసుకుంటుంది, వాళ్ల దగ్గర్నుంచి మరొకరు తీసుకుంటారు, చివరికి నాలుగు చోట్లా అలాగే ఉంది కాబట్టి నిజమే అంటారు. ఆ నాలుగూ ఒకే తప్పుకు నకళ్లని ఎవరూ చెప్పరు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు మనకు గుర్తుండే ఉంటాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది, పేపర్ మళ్లీ చూస్తే 99. మార్కులను గడులు దిద్ది ఎక్కించే ఓఎంఆర్ షీటులో 99 దిద్దాల్సిన చోట సున్నాలు దిద్దారు. బాగా చదివే పిల్లకు సొంత భాషలో సున్నా ఎలా వచ్చిందని ఫలితం ప్రకటించే ముందు ఒక్కరైనా ఆగి చూడలేదు. ఆ ఫలితాల తర్వాత ప్రాణాలు తీసుకున్న పిల్లల గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు. అదే రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ ఇంటింటికీ వెళ్లి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కర్ణాటకలోనూ 2024 నవంబర్‌లో బీపీఎల్ కార్డుల రద్దు మీద గోల జరిగాకే అర్హుల కార్డులు తిరిగి ఇస్తామని ప్రభుత్వం చెప్పింది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. బ్రిటన్‌లో పోస్టాఫీసులకు ఫుజిట్సు కంపెనీ చేసిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ 1999 నుంచి పెట్టారు. చిన్న చిన్న బ్రాంచీలు నడిపేవాళ్ల లెక్కల్లో అది లేని లోటు చూపించేది. డబ్బు ఎక్కడికి పోయిందో తెలియక ఇల్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు, కట్టలేక దొంగలుగా ముద్రపడి జైలుకెళ్లినవాళ్లున్నారు, అందులో ఒక గర్భిణి కూడా ఉంది. ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది అని చాలామందికి చెప్పారు, నాకు అన్నిటికన్నా ఘోరంగా అనిపించేది అదే. మొత్తం 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019లో అక్కడి హైకోర్టు తేల్చింది, ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గానీ రాలేదు. అసలు కంప్యూటర్ సాక్ష్యం ఇవ్వాలంటే ఆ కంప్యూటర్ సరిగ్గా పని చేస్తోందని చూపించాలనే నిబంధన అక్కడ 1984 చట్టంలో ఉండేది. హొరైజన్ మొదలైన రోజుల్లోనే దాన్ని ఎత్తేశారు. దాంతో మెషీన్ చెప్పింది నిజమే అనుకుని కోర్టు మొదలుపెట్టేది, కాదని నిరూపించడం నిందితుడి పని అయిపోయింది.

మన చట్టం ఈ విషయంలో నయం. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, 63వ సెక్షన్ ప్రకారం కంప్యూటర్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే అది ఎలా తయారైందో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. మరి కోర్టులో అవసరమైన జాగ్రత్త రేషన్ కౌంటర్లో, పెన్షన్ ఆఫీసులో ఎందుకు అక్కర్లేదు? పేదవాడి నోటికాడ కూడు తీసేయడానికి స్క్రీన్ మీద ఒక్క లైన్ చాలా?

పైగా ఇప్పుడు అన్నిటికీ ఏఐ అంటున్నారు. అది లేనివాటిని కూడా ఉన్నట్టే రాసిచ్చేయగలదు. ఇక్కడే, బెంగళూరు సిటీ సివిల్ కోర్టు ఆర్డర్ ఒకదానిలో ఉదహరించిన సుప్రీంకోర్టు తీర్పులు అసలు లేనేలేవని 2025లో కర్ణాటక హైకోర్టు గుర్తించింది. అంత చదువుకున్నవాళ్లు ఉన్నచోటే లేని తీర్పులు ఆర్డర్ దాకా వచ్చాయంటే, చదవడం రానివాళ్ల రికార్డులో ఏం చేరుతుందో ఎవరు చూస్తారు? ఈ తప్పుల కార్డులనే రేపు ఆ ప్రోగ్రాములకు మేపితే, అర్హులెవరో అవే తేలుస్తాయంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

అందుకే అధికారులను నేను అడిగేది ఇది. కార్డు ఆపేముందు నోటీసు ఇవ్వండి, అందులో కారణం ఒక్క ముక్కలో కాకుండా ఏ శాఖ రికార్డు, ఏ నంబరు బండి, ఎప్పుడు ఎక్కింది అన్నీ రాయండి, అదీ ఆ మనిషి చదవగలిగే భాషలో. ఎదురుగా మనిషి, చేతిలో కాగితం ఉన్నప్పుడు స్క్రీన్‌ను పక్కనపెట్టి సంతకం పెట్టే అధికారం ఆ ఆఫీసులోనే ఒకరికి ఇవ్వండి. కారు ఉందని శాఖ చూపించేదాకా బియ్యం ఆపకండి.

— ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు