విదేశాలకు వెళ్లే నర్సుల కాగితాల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

కడపలో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకురాలిగా ఈ లేఖ రాస్తున్నాను. పూర్వం మా జిల్లా నుంచి ప్రయాణమంటే కువైట్‌కే. ఇప్పుడు మా పిల్లలు బ్రిటన్, జర్మనీ, అమెరికాల వైపు కూడా చూస్తున్నారు. అయితే వారిలో చాలామంది ఆగిపోతున్నది అక్కడి పరీక్షల దగ్గర కాదు, ఇక్కడి కాగితాల దగ్గర.

పరీక్షలు తేలికని నేననను. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 తెచ్చుకోవాలి, లేదా వైద్య రంగంవారి ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ రాయాలి. ఆపై కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, అక్కడికి వెళ్లాక పది స్టేషన్లలో పని చేసి చూపించే ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఉంది, అందులో 85 నుంచి 150 ప్రశ్నలుంటాయి. కష్టపడితే ఇవి దాటవచ్చు, దాటుతున్నారు కూడా.

కాగితాల సంగతి వేరు. జర్మనీలో నర్సింగ్ శిక్షణ 4,600 గంటలు. అందులో 2,100 తరగతి గదిలో, 2,500 వార్డుల్లో. మన అమ్మాయి చదువును అక్కడి అధికారులు ఈ లెక్కతో పోల్చి, లోటు కనిపిస్తే అదనపు శిక్షణో, పరీక్షో విధిస్తారు. మన కళాశాలలు ఇచ్చే ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే చదువు వివరాల పత్రంలో, తరచుగా మార్కులే ఉంటాయి, గంటలుండవు. మెడికల్ వార్డులో నెలల తరబడి మంచం పట్టిన వృద్ధులను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టి, ఒకేవైపు పడుకోవడం వల్ల వచ్చే పుండ్లకు కట్లు కట్టిన అమ్మాయి శ్రమంతా 'మెడికల్ సర్జికల్ నర్సింగ్' అనే ఒక్క పంక్తిలో మునిగిపోతుంది. చేసిన పని కాగితం మీద లేకపోతే, దాన్ని చూసే అధికారికి అది చేయని పనే.

పేర్ల చిక్కు మరొకటి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, నర్సులను నమోదు చేసే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా ఉంటుంది. ఎన్‌క్లెక్స్ కేంద్రంలో గుర్తింపు పత్రం మీది పేరు, నమోదు చేసిన పేరు ఒకటే కావాలి. కళాశాల మూతపడితే ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఈలోగా రెండేళ్లే చెల్లే భాషా పరీక్ష ఫలితానికి గడువు తరిగిపోతూ ఉంటుంది.

ఈ సందులోకే ఏజెంట్లు దూరుతున్నారు. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు వసూలు చేయగల సేవా రుసుముకు కేంద్రం 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ పరిమితి పెట్టింది. 'కాగితాలు మేమే తెప్పిస్తాం' అనే మాటకు మాత్రం ఏ పరిమితీ లేదు.

మన ఆసుపత్రుల్లోనే నర్సులు చాలనప్పుడు బయటికి పోయేవారికి సాయమెందుకని అడిగేవారున్నారు. సర్టిఫికెట్ ఆలస్యం చేసి ఎవరినీ నిలుపుకోలేం. పర్మినెంటు పోస్టులిచ్చి, తగిన జీతమిచ్చి నిలుపుకోవాలి. ఆ చర్చ వేరే.

కాబట్టి నేను కోరేవి కొద్దిపాటివే. థియరీ, ప్రాక్టికల్ గంటలు విభాగాలవారీగా చూపే ఒకే నమూనా ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఆరోగ్య విశ్వవిద్యాలయం, నర్సింగ్ కౌన్సిల్ కలిసి తయారుచేయించి అన్ని కళాశాలలకూ తప్పనిసరి చేయండి. విదేశీ కౌన్సిళ్లకు మన కౌన్సిల్ నేరుగా పంపే ధ్రువీకరణకు ఇన్ని పనిదినాలని గడువు నిర్ణయించి, దరఖాస్తు ఏ దశలో ఉందో ఫోన్‌లో కనబడేలా చేయండి. పేరు సవరణలకైనా అభ్యర్థులు విజయవాడ దాకా రాకుండా కడప రిమ్స్ ఆసుపత్రి ప్రాంగణంలో ఒక కౌంటరు పెట్టించండి. మూతపడిన కళాశాలల రికార్డులను విశ్వవిద్యాలయం స్వాధీనం చేసుకోవాలి.

వీటిలో మొదటిదాన్ని ఈ ఏడాది చివరి సంవత్సరం చదువుతున్న బ్యాచ్‌తోనే మొదలుపెట్టవచ్చు; వారి ప్రాక్టికల్ రికార్డులు ఇంకా మా అల్మారాల్లోనే ఉన్నాయి, వాటి మీద సంతకాలు చేసిన ట్యూటర్లూ ఇంకా ఇక్కడే పనిచేస్తున్నారు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు, కడప