గరిడీని గారడీ చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో సన్నటి పుల్లల మీద పళ్లేలు తిప్పుతున్న చైనా అమ్మాయిల ఫొటో వేశారు. దాని కింద ‘కళ్లు చెదిరే చైనా గారడీ’ అని రాశారు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలచేత గుంజీలు తీయించి, మొగ్గలు వేయించినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. గారడీ అంటే కనికట్టు, లేనిది ఉన్నట్టు చూపడం. ఆ అమ్మాయిలు చేసేది సాము గరిడీ, అంటే ఒంటిని సాధనతో వంచే విద్య. ఒక దీర్ఘం చేర్చి, ఒక గుడి తీసేసి వాళ్ల ఏళ్ల చెమటను మాయ కింద జమకట్టేశారు.

అది మాయో కాదో తేలుద్దామని మా మనవడూ నేనూ స్టీలు పళ్లెం, వెదురుపుల్ల పట్టుకుని డాబా ఎక్కాం. పళ్లెం నాలుగుసార్లు కిందపడి సొట్టలు పోయింది. మా ఆవిడ చీవాట్లు సరేసరి. చదును పళ్లెం పనికిరాదు. అడుగున గుండ్రంగా అంచు ఉండాలి. పుల్ల మొనను ఆ అంచుకు లోపలివైపు ఆనించి, మణికట్టుతో చిన్న సున్నాలు చుడుతూ పోవాలి. వేగం అందుకుంటే పళ్లెం బొంగరంలా నిలుస్తుంది, వేగం తగ్గిందా తూలుతుంది. మాకు ఒక్కటే గగనమైంది. వాళ్లు చేతికి నాలుగైదు తిప్పుతూనే నడుము విల్లులా వంచుతారు.

చైనాలో ఈ విద్య నేర్పడం నాలుగు సాధనలతో మొదలవుతుందట: నడుము, కాళ్లు, చేతుల మీద తలకిందులుగా నిలబడటం, పిల్లిమొగ్గ. ఇవి కుదిరాకే పళ్లెమైనా జాడీ అయినా. ఆ వరసకు దండం పెడతాను. ఆరేడేళ్ల పసివాళ్లను అంతలా వంచడం మాత్రం నాకు నచ్చదు. హెబెయ్ రాష్ట్రంలోని వూచియావ్‌లో తొంభై తొమ్మిదేళ్ల ముసలివాళ్ల నుంచి అప్పుడే అడుగులేసే పిల్లల దాకా అందరికీ ఏదో ఒక విద్య వచ్చునని సామెత. ఆ ఊరి పేరున 1987 నుంచి అంతర్జాతీయ ఉత్సవం చేస్తున్నారు. 2006లో ఆ విద్యను జాతీయ వారసత్వ జాబితాలోకి ఎక్కించారు.

రెండో శతాబ్దపు చైనా కవి జాంగ్ హెంగ్ రాజధాని వేడుకలను వర్ణిస్తూ, బండి మీద నిలిపిన గడ నుంచి పిల్లలు పడిపోయినట్టే జారి మడమలతో పట్టుకుని వేలాడటం చెప్పాడు. మన పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో గడలపై ఆడేవాళ్లను దేవకన్యలతో పోల్చాడు. విద్య ఒకటే. వాళ్లు జాబితాకెక్కించారు, మనం తిట్టులోకి దించాం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గడ ఎక్కే కుటుంబం పిల్లాడొకడు మా బడికి వచ్చాడు. ఎవరూ నేర్పకుండానే నిలుచున్న చోటి నుంచి వెనక్కి పల్టీ కొట్టేవాడు. జిల్లా పోటీలకు పేరు రాశాను. తోటి పిల్లలు వాణ్ణి కులం పేరుతోనే పిలిచేవాళ్లు. అల్లరి పిల్లలను మందలించడానికి మేం స్టాఫ్ రూములో వాడిన తిట్టూ అదే, నేనూ వాడాను. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. నేను వెళ్లి అడగలేదు.

ఇంకా గడ, డోలు దాచుకున్న ఇళ్లు ఎక్కడున్నాయో కనుక్కుని మీ విలేకరిని పంపండి. ఆ పెద్దలు చెప్పింది ఒక పేజీ వేయండి. నన్నూ రమ్మంటే వస్తాను. పొద్దున పూటయితే మోకాళ్లు కొంచెం మాట వింటాయి.

ఇట్లు,
రిటైరైన డ్రిల్లు మాస్టారు,
బ్రాడీపేట, గుంటూరు