చెప్పులు అడిగిన తరువాత

ప్రియమైన మిత్రమా,

మొన్న ఫోనులో నాతో గట్టిగా వాదించావు. "ఎలీజా చివరికి వెనక్కే వస్తుంది కదరా! హాస్టల్లో 'మై ఫెయిర్ లేడీ' సినిమా ఇద్దరం కలిసే చూశాం, వెళ్ళిపోయిందంటావేమిటి?" అన్నావు. నీ మాటా నిజమే, నా మాటా నిజమే. ఫోనులో తేలే సంగతి కాదని ఉత్తరం మొదలుపెట్టాను. కాస్త పొడుగవుతుంది, కాఫీ కలుపుకుని కూర్చో.

ముందు నేను చూసింది చెబుతాను. 2018లో న్యూయార్క్ లింకన్ సెంటర్ వాళ్ళు ఆ సినిమాకు మూలమైన పాటల నాటకం 'మై ఫెయిర్ లేడీ'ని కొత్తగా వేశారు. దర్శకుడు బార్ట్‌లెట్ షేర్. వాళ్ళ వివియన్ బోమాంట్ థియేటర్‌లో వేదిక జనం మధ్యకు చొచ్చుకుని ఉంటుంది, మూడు వైపులా ప్రేక్షకులే. కథ తెలిసిందే, వీధిలో పూలమ్ముకునే ఎలీజాకు ఉచ్చారణ పండితుడు హిగ్గిన్స్ తన ఇంట్లో ఉంచుకుని దొరసానిలా మాట్లాడటం నేర్పుతాడు, చివరికి గొడవపడి ఆమె వెళ్ళిపోతుంది. చివరి రంగం నీకు గుర్తుండే ఉంటుంది. ఎలీజా మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు యంత్రంలో పట్టిన ఆమె గొంతును హిగ్గిన్స్ ఒంటరిగా కూర్చుని వింటూ ఉంటాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా వచ్చి యంత్రం ఆపి, పూలమ్ముకున్న నాటి యాసలోనే "ముఖమూ చేతులూ కడుక్కునే వచ్చాను" అంటుంది. అతను వెనక్కి వాలి, "ఎలీజా! నా చెప్పులు ఎక్కడ తగలడ్డాయి?" అంటాడు. మనం చూసిన సినిమా అక్కడే అయిపోతుంది.

ఇక్కడ అయిపోలేదు. లారెన్ ఆంబ్రోస్ వేసిన ఎలీజా అతని దగ్గరికి నడిచి, చెంప మీద చెయ్యి ఉంచింది. తల్లి నిద్రపోయే పిల్లవాడి ముఖం తాకినట్టు, అంత మెల్లగా. తరువాత చెయ్యి తీసుకుని, వేదిక దిగి, మా వరుసల మధ్య దారిలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నా కుర్చీ ఆ దారికి దగ్గరే. ఆమె దాటిపోయాక కూడా నేను వేదిక వైపు తిరగలేకపోయాను.

ఇందులో నన్ను నిలువునా కదిలించిన సంగతి ఏమిటంటే, ఆ రంగంలో కొత్త మాట ఒక్కటీ లేదు. 1956లో ఈ పాటల నాటకానికి అలన్ జే లర్నర్ రాసిన మాటలే. మారినవల్లా ఆమె చెయ్యి, ఆమె అడుగులు. రచయిత మాట అయిపోయాక తెర పడేలోపు కొన్ని క్షణాలు మిగులుతాయి చూడు, అవి ఎవరి చేతిలో ఉంటే ముగింపు వాళ్ళది. ఈ కథ విషయంలో ఆ కొన్ని క్షణాల కోసం నూరేళ్ళకు పైగా పెనుగులాట జరిగింది.

మొదటి నుంచి చెబుతాను. దీనికి మూలమైన బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' నాటకం లండన్‌లో 1914 ఏప్రిల్‌లో మొదలైంది. షా రాసిన ముగింపులో హిగ్గిన్స్ ఎలీజాకు చేతి తొడుగులు, టై కొనుక్కురమ్మని పని పురమాయిస్తాడు. "మీరే కొనుక్కోండి" అని ఆమె వెళ్ళిపోతుంది. ఎందుకు కొనదు, కొంటుందిలే అని అతను జేబులో చిల్లర గలగలలాడించుకుంటూ నవ్వుకుంటాడు. షా అక్కడ ఆపేశాడు. హిగ్గిన్స్ వేషం వేసిన బీర్‌బోమ్ ట్రీ ఆపలేదు. ఆఖరి మాట అయ్యాక, తెర పడేలోపు, ఎలీజాకు ఒక పూలగుత్తి విసరడం మొదలుపెట్టాడు. ఒక్క మాటైనా కలపలేదు, కానీ చూసినవాళ్ళందరూ వాళ్ళిద్దరికీ పెళ్ళి ఖాయం అనుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. షా మండిపడితే ట్రీ, నా ముగింపు డబ్బు తెస్తోంది, మీరు నాకు కృతజ్ఞత చెప్పుకోవాలి అని రాశాడట. నీ ముగింపు ఘోరం, నిన్ను తుపాకీతో కాల్చాలి అని షా జవాబు. ఈ సంవాదం చదివినప్పుడల్లా నేను షా వైపే నిలబడతాను. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నాటకం పేరు కింద 'రొమాన్స్' అని స్వయంగా రాసుకున్నవాడు షానే. ఆ మాట చదివి జనం ఆశపడితే తప్పు పూర్తిగా జనానిదేనా?

అంతటితో ఊరుకోలేదు ఆ పెద్దమనిషి. 1916లో పుస్తకం వేసినప్పుడు కథ తరువాత ఏమైందో పొడుగాటి వ్యాసం చేర్చాడు. ఎలీజా తనను ప్రేమించిన ఫ్రెడ్డీ అనే కుర్రవాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది, పూల దుకాణం పెడుతుంది, లెక్కలు రాక తంటాలు పడుతుంది, పూలతోపాటు కూరగాయలూ అమ్ముతుంది. నాకు ఆ దుకాణం చాలా ఇష్టం. పాటల నాటకంగా మార్చినవాళ్ళెవరూ దాన్ని వేదిక మీదకు తేలేదని ఇప్పటికీ బాధే.

1938లో 'పిగ్మేలియన్'ను సినిమా తీశారు, హిగ్గిన్స్‌గా లెస్లీ హోవార్డ్, ఎలీజాగా వెండీ హిల్లర్. ఎలీజా ఇంటికి తిరిగి రావడం, హిగ్గిన్స్ చెప్పులు అడగడం అక్కడ పుట్టాయి. షా అనుకున్న ముగింపు అది కాదు, కానీ ఆ సినిమా రచనకే ఆయనకు ఆస్కార్ వచ్చింది! 1941లో నాటకం మళ్ళీ అచ్చు వేసినప్పుడు ఆఖరి మాటలు తిరగరాసి, ఆమె ఫ్రెడ్డీనే చేసుకుంటుందని హిగ్గిన్స్ నోటే చెప్పించాడు. ఎనభై దాటిన మనిషి అంత పట్టుదలగా ఒక పాత్రను కాపాడుకోవడం చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది. తన నాటకాన్ని పాటల నాటకం చెయ్యడానికి ఆయన బతికుండగా ఒప్పుకోనేలేదు. 1950లో పోయాడు. ఆరేళ్ళకు న్యూయార్క్ బ్రాడ్‌వే మీద 'మై ఫెయిర్ లేడీ'లో హిగ్గిన్స్‌గా రెక్స్ హారిసన్, ఎలీజాగా జూలీ ఆండ్రూస్ పాడుతున్నారు. 2,717 ప్రదర్శనలు నడిచింది.

లర్నర్ నిజాయితీ నాకు నచ్చుతుంది. షా రాసిన తరువాతి కథను వదిలేస్తున్నానని, ఎలీజా ఫ్రెడ్డీ దగ్గరికి వెళ్ళడం సరైనదని తనకు నమ్మకం లేదని, షా, ఆ పైవాడు తనను క్షమించాలని ముందుమాటలో రాసుకున్నాడు. చెప్పులు అడిగే ముగింపును 1938 సినిమా నుంచి తీసుకున్నాడు. ఎలీజా కళ్ళలో నీళ్ళు, ఆమె అర్థం చేసుకుంది అని రంగసూచన రాశాడు. ఏం అర్థం చేసుకుంది? అది మాత్రం రాయలేదు. మనం చూసిన 1964 సినిమా ఆ ఖాళీని ఒక రకంగా పూరించింది, 2018 నాటకం ఇంకో రకంగా.

పాటల వల్ల ఒక చిక్కు ఉంది, నువ్వు కూడా ఒప్పుకుంటావు. ఆమె వెళ్ళిపోయాక వీధిలో హిగ్గిన్స్ పాడే పాటలో ప్రేమ అనే మాటే రాదు. ఆమె ముఖం అలవాటైపోయింది అంటాడంతే. కానీ ఆ బాణీ వింటే మనసు కరిగిపోతుంది. షా వచనంలో హిగ్గిన్స్‌ను వదిలి వెళ్ళడం సులువు, ఈ బాణీ విన్నాక కష్టం. అందుకే తలుపు ధడాలున వేసుకుని పోయే ఎలీజా ఈ నాటకానికి నప్పదు. షేర్ పెట్టించిన ఆ చెంప మీది చెయ్యి నాకు అంత గొప్పగా తోచింది అందుకే. సంగీతం అడిగినది ఆ స్పర్శ ఇచ్చింది, షా అడిగినది ఆ నడక ఇచ్చింది.

ఇంకో సంగతి. ఇదే మనిషి మీదికి ఇదే చెప్పులను ఆమె అంతకుముందు విసిరికొట్టింది. విందులో అందరినీ మెప్పించి వచ్చిన రాత్రి, శ్రమంతా ఆమెదైతే పొగడ్తంతా అతను మూటగట్టుకున్నాక. ఆ రాత్రి గుర్తుపెట్టుకుని చివర్లో "నా చెప్పులేవి" విను. హాస్టల్లో మనం ఆ మాటకు చప్పట్లు కొట్టాం. మనకు అప్పుడు ఇరవై ఏళ్ళు, ఎవరి చెప్పులు ఎవరు తెచ్చిపెడతారో మనకు ఎన్నడూ పట్టలేదు. మా అమ్మ మాత్రం ఆ రోజుల్లో నాన్న గుమ్మంలోకి రాకముందే నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడేది.

ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని చివరి రెండు నిమిషాలు చూడు. హిగ్గిన్స్‌ను చూడకు, ఎలీజా వేసిన ఆడ్రీ హెప్‌బర్న్ ముఖం చూడు. చూశాక ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి.

నీ
పాత రూమ్మేట్