బాబాయి ఓడ పుట్టిన ఊరు

అత్తా,

ఎలా ఉన్నావు, మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేద్దామనే అనుకున్నా కానీ ఇది ఫోన్లో చెప్తే ఇద్దరం ఏడుస్తాం తప్ప సంగతి పూర్తవ్వదు, అందుకే రాస్తున్నా, కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువుకో.

పోయిన ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లో యుద్ధాల్లో పోయినవాళ్ళని తల్చుకునే రోజు. పొద్దున్న 11 గంటలకి రెండు నిమిషాలు ఎక్కడివాళ్ళక్కడ నోరెత్తకుండా నిలబడతారు. మా పోర్ట్స్‌మత్‌లో సౌత్‌సీ బీచ్ ఒడ్డున పెద్ద స్తంభం ఉందిలే, దాని చుట్టూ కంచు పలకల మీద దాదాపు 25 వేల పేర్లు, అన్నీ రెండు ప్రపంచ యుద్ధాల్లో సముద్రంలో పోయి సమాధి కూడా లేని నేవీవాళ్ళవి. ఒక ముసలావిడ ఒక పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడుముతోంది. మామ్మ గుర్తొచ్చింది. మామ్మకి తడుముకోడానికి బాబాయి గురించొచ్చిన ఆ టెలిగ్రామ్ కాగితం తప్ప ఏముంది చెప్పు.

పక్కనే నేవీలో రిటైరైన ఒకాయన మాట కలిపాడు, మా బాబాయి 1971 యుద్ధంలో ఖుక్రీ అనే మన నేవీ ఓడలో పోయాడని చెప్పా. ఆయన చెయ్యెత్తి నీళ్ళ అవతల దీవి చూపించి ఆ ఓడ కట్టింది అక్కడే అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే నిజమే అత్తా. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో కౌస్ అనే ఊరు, జె. శామ్యూల్ వైట్ వాళ్ళ యార్డు. 1956లో నీళ్ళలోకి దింపారు, 1958లో మన నేవీకొచ్చింది. సబ్‌మెరైన్లని వేటాడ్డానికే కట్టిన ఓడ, చివరికి దాన్నే సబ్‌మెరైన్ ముంచింది.

నిన్న వెళ్ళొచ్చా. రైడ్ దాకా హోవర్‌క్రాఫ్ట్, అక్కణ్ణుంచి బస్సులు. యార్డు ఎప్పుడో మూతపడింది కానీ 1912 నాటి పెద్ద క్రేన్ ఇంకా అలాగే నిలబడుంది. దాన్నే చూస్తూ చాలాసేపు ఉండిపోయా. ఇక్కడ ఓడ నీళ్ళలోకి దిగేనాటికి బాబాయికి ఆరేళ్ళు, భీమిలి ఒడ్డున నీతో పీతలు పట్టుకుంటూ ఉండుంటాడు.

మామ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఆ రాత్రి మాట ఎవరూ ఎత్తలేదు కదా, నేను చదివింది చెప్తా. డిసెంబర్ 9 రాత్రి, తొమ్మిదవ్వబోతుంటే, గుజరాత్ తీరాన డయ్యూ దగ్గర. పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ వేసిన టార్పెడో తగిలింది, ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు, 67 మంది బతికారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్ ఇంకో సెయిలర్‌కి ఇచ్చేసి తను ఓడతోనే ఉండిపోయారు. వాడికి ఈతొచ్చు, ఎక్కడో ఒడ్డెక్కుంటాడు అని మామ్మ ఏళ్ళ తరబడి కర్మ చెయ్యనివ్వలేదని నాన్న చెప్పేవాడు. ఈతొచ్చినా కింద డెక్‌లో ఉన్నవాళ్ళకి పైకొచ్చే టైమే లేదత్తా. బాబాయి చేతకాక కాదు. ఇది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

వైజాగ్ ఆర్కే బీచ్‌లో, 1971 యుద్ధంలో గెలిచినందుకు కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర మామ్మ నిలబడేది కాదు, గుర్తుందా? అప్పుడు వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీలో ఉన్నోళ్ళకీ అమ్మలుంటారు కదరా అనేది.

డయ్యూలో గుట్ట మీద సముద్రం వైపుకి ఖుక్రీ స్మారకం ఉంది, గాజు గదిలో చిన్న ఓడ బొమ్మ. తర్వాత అదే పేరుతో వచ్చిన రెండో ఖుక్రీని 2021 డిసెంబర్లో మన వైజాగ్‌లోనే రిటైర్ చేసి, మ్యూజియంగా పెట్టడానికి డయ్యూకే ఇచ్చారు. నేను సెలవు అడిగేశా. ముంబై దాకా విమానం, అక్కణ్ణుంచి డయ్యూకి ఇంకోటి, నీ మోకాలికి ఇబ్బంది లేకుండా వీల్‌ఛైర్ చెప్తా. ట్రంకు పెట్టెలో బాబాయి తెల్ల యూనిఫాం ఫోటో ఉంది చూడు, అది తీసుకురా, టెలిగ్రామ్ కూడా. 9వ తారీఖు పొద్దున్నకల్లా మనం అక్కడుండాలి. చలి పెద్దగా ఉండదట, శాలువా ఒక్కటి చాలు.

నీ మేనల్లుడు